పక్క కుట్టు

సోమవారం లాండ్రీ నుంచి బట్టల బండి వచ్చిందంటే టైలరమ్మ ముందు దుప్పట్ల జోలికి పోదు. చిరిగిన దుప్పట్లు ఎక్కడికి పోతాయి, రోజూ ఉండేవే. సిబ్బంది కోట్ల కట్ట విప్పి, అందులో అన్నిటికంటే వెడల్పుగా ఉన్న మూడు లేత నీలం కోట్లు ఏరి ఒళ్ళో పెట్టుకుని, కాలితో తలుపు ఓరగా తోస్తుంది. ఆ ఆసుపత్రి మొత్తంలో అంత వెడల్పు కోట్లు ఇంకెవరికీ లేవు. అవి ఇస్త్రీ వదినవి.

ఈ సోమవారం కూడా అదే చేసింది. కోటు తిరగేసి, చంక కింది నుంచి జేబు దాకా దిగే పక్క కుట్టుని వేలితో ఒకసారి తడిమి, బ్లేడు ముక్కతో దారం తెంపడం మొదలుపెట్టింది. ఒక కుట్టు వదిలి ఒక కుట్టు తెంపుతూ పోతే దారం దానంతట అదే ఊడొస్తుంది, లాగి గుడ్డని ఏడిపించాల్సిన పని లేదు. ఆసుపత్రి బట్ట వేణ్ణీళ్ళలో ఉడికి ఉడికి కురచవుతుంది కాబట్టి, ఎవరి కోటు కుట్టినా లోపల రెండేసి వేళ్ళ గుడ్డ మడిచి వదలడం ఆ గదిలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. ఆ వదిలిన గుడ్డలోకి, పాత కుట్టుకి గోరు మందం అవతలగా కొత్త కుట్టు వేసింది. అటు పక్క గోరు మందం, ఇటు పక్క గోరు మందం. పాత కుట్టు తాలూకు సూది బెజ్జాలు పైకి కనబడతాయి కదా, వాటి మీద తడి వేలు రాసి గోటితో గీరింది. అలా గీరితే చాలావరకు పూడుకుపోతాయి. వేసుకునేది ఇస్త్రీ మనిషాయె. గుడ్డ మీద దోమ వాలినా పట్టేసే కళ్ళు.

ఇన్ని పాట్లు దేనికంటే, ఇస్త్రీ వదిన తను సన్నబడుతున్నానని అనుకోవడానికి.

నవ్వొచ్చే పనే గానీ, టైలరమ్మకి అందులో నవ్వులాట ఏమీ లేదు. ఇస్త్రీ వదినకి కడుపు మీద పాత ఆపరేషన్ కుట్టు దగ్గర పేగు ఉబ్బి పొడుచుకొస్తోంది. మళ్ళీ కోసి సరిచెయ్యాలి. ఈ ఒంటి మీద చేస్తే కుట్టు నిలవదు, ముందు కాస్త బరువు తగ్గి రమ్మంది డాక్టరమ్మ. "ఆరాటపడకండి. రోజూ కాటా ఎక్కకండి, మనసు విరిగిపోతుంది. రోజూ కాసేపు నడవండి, తినే పళ్ళెం చిన్నది చెయ్యండి, బట్ట వదులైతే తగ్గినట్టే లెక్క" అని చెప్పి పంపింది. ఆపరేషన్ అయ్యేదాకా బరువులెత్తకూడదని సూపర్వైజరు ఆవిణ్ణి పెద్ద ఇస్త్రీ బల్ల నుంచి తప్పించి, మూలనున్న చిన్న బల్ల దగ్గర దిండు గలీబులు మడతలు పెట్టమన్నాడు. ఇరవై ఏళ్ళు దుప్పటి కొసలు పట్టుకుని గాల్లో దులిపితే గదంతా అదిరేలా పనిచేసిన మనిషి. గలీబులు మడతపెట్టడం ఆవిడకి పనిలా లేదు, శిక్షలా ఉంది.

నడకకి తోడు రమ్మని టైలరమ్మని ఆవిడే అడిగింది. "ఒక్కదాన్నీ ఊగుతూ పోతుంటే అందరూ నన్నే చూస్తారు వదినా. పక్కన నువ్వుంటే నిన్నూ చూస్తారు. తలా సగం పంచుకుందాం" అంది. టైలరమ్మ ఒంటి మీద చిటికెడు కండ లేదు. అయినా సరేనంది. చుట్టరికం లేకపోయినా ఇద్దరూ ఒకరినొకరు వదినా అనుకోవడం అప్పుడే మొదలైంది.

మూడు వారాలు నడిచాక ఒక సాయంత్రం ఇస్త్రీ వదిన గేటు దగ్గర ఆగిపోయింది. "ఎక్కడ వదులైంది వదినా, ఊపిరి తీస్తే గుండీ లేచొస్తోంది. ఇది నావల్ల అయ్యే పని కాదు. రేపట్నుంచి నువ్వు మీ ఇంటికి పో, నేను మా ఇంటికి పోతా" అంది. ఆ తర్వాతి సోమవారమే టైలరమ్మ బ్లేడు ముక్క చేతిలోకి తీసుకుంది. కోటు కాస్త వదులు తగిలేసరికి ఇస్త్రీ వదిన మళ్ళీ నడకకి వచ్చింది. అక్కణ్ణుంచి ప్రతి సోమవారం గోరు మందం.

మూడో కోటుకి చివరి ముడి వేసి, దారం పంటితో కొరికి, మూడింటినీ మడిచి కట్ట మధ్యలో పెట్టింది. అప్పుడు గానీ తలుపు తియ్యలేదు.

సాయంత్రం డ్యూటీ మారే వేళకి ఇద్దరూ కింద వరండాలో కలుసుకున్నారు. లిఫ్టు మనిషి స్టూలు మీద నుంచి లేవకుండానే "సూదీ దిండూ బయల్దేరాయి" అన్నాడు. వాళ్ళిద్దరికీ అతను పెట్టిన పేర్లు అవి, ఇప్పుడు ఆసుపత్రిలో సగం మంది అలాగే పిలుస్తున్నారు.

"దిండు అరిగిపోతోంది, చూసుకో. ఇంకొన్నాళ్ళు పోతే నీకు ఎగతాళికి మనిషి దొరకదు" అంది ఇస్త్రీ వదిన.

"అలాగైతే నా లిఫ్టు ఏమైపోవాలక్కా. మీరెక్కితేనే దానికి కాస్త పనున్నట్టుండేది."

ఆవిడ నవ్వేసింది. కొన్నాళ్ళ కిందట ఇదే మాటకి లిఫ్టు వదిలేసి మెట్లెక్కింది. రెండో అంతస్తు మలుపులో చతికిలబడి చేతి గుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చిరిగిన తువ్వాళ్ళ మూట పట్టుకుని అదే మెట్లు దిగుతున్న టైలరమ్మ చూసింది. ఆ మనిషే ఇప్పుడు నవ్వుతోంది. ఈ నవ్వు విన్నప్పుడల్లా టైలరమ్మకి తను చేస్తున్నది తప్పు కాదేమో అనిపిస్తుంది.

ఆసుపత్రి భవనం చుట్టూ సన్నటి సిమెంటు బాట ఉంది. గేటు దగ్గర మొదలై అంబులెన్సుల షెడ్డు, మందుల గోదాం, వంటగది వెనక భాగం, జనరేటర్ గది మీదుగా మళ్ళీ గేటు దగ్గరికే వస్తుంది. ఎడమ చేతి వైపు నుంచి మొదలుపెట్టడం వాళ్ళ అలవాటు. ఇస్త్రీ వదిన నడుస్తూ మాట్లాడుతుంది, మాట్లాడుతూ ఆయాసపడుతుంది, ఆయాసంలో కూడా మాట ఆపదు.

"రాత్రి మనవడు సగం తిని పళ్ళెం వదిలేశాడు. ఇదివరకైతే పారెయ్యడం ఎందుకులే అని నేనే నోట్లో వేసుకునేదాన్ని. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో చెత్తబుట్టకీ నాకూ తేడా లేకుండా పోయింది. నిన్న మూత పెట్టి ఫ్రిజ్‌లో తోసేశా. కోడలు చూసి, ఏం అత్తయ్యా ఒంట్లో బాగోలేదా అంది."

"నువ్వేమన్నావు?"

"బాగుపడుతోందన్నా."

టైలరమ్మ నవ్వింది. ఈ మాట రాత్రికి దాచుకోవాలనుకుంది. తన ఇంట్లో తాళం తీసిన చప్పుడు తర్వాత ఇంకో చప్పుడు ఉండదు, తను చేస్తే తప్ప. పొయ్యి దగ్గరే నిలబడి గిన్నెలోంచే నాలుగు ముద్దలు తింటుంది. ఒక్క మనిషికి పళ్ళెం ఎందుకు, మళ్ళీ అది కడగడం ఎందుకు. ఆ నాలుగు ముద్దలు తినేటప్పుడు సాయంత్రం విన్న కబుర్లు ఒక్కొక్కటీ తలుచుకుంటుంది. పగలంతా మిషన్ తప్ప ఇంకేమీ మాట్లాడదు ఆమెతో. గదిలోకి వచ్చేవాళ్ళు బట్టలు పడేసి పోతారు, బట్టలు తీసుకుని పోతారు.

వంటగది వెనక్కి వచ్చేసరికి ఇస్త్రీ వదిన ఆగి, కోటుని నడుము దగ్గర రెండు వేళ్ళతో పట్టి లాగి చూపించింది. "ఇదిగో చూడు. చెయ్యి దూరుతోంది. నీ కళ్ళతో నువ్వు చూడు."

"చూస్తున్నాగా."

"మొన్న అద్దం ముందు నిలబడితే నాకే అనుమానమొచ్చింది, మొహం అలాగే ఉంది కదా అని. మొహంలో ఆఖర్న తగ్గుతుందేమో. నీకు తెలీదులే, నువ్వెప్పుడు లావెక్కావు గనక." కాస్త ఊపిరి తీసుకుని, "గురువారం డాక్టరమ్మ దగ్గరికి పోతున్నా. చీటీ రాయించుకున్నా. నువ్వూ రా" అంది.

టైలరమ్మ అడుగు తడబడింది. "గురువారమా. అంత తొందరేం, వచ్చే నెల పోవచ్చుగా. నెమ్మదిగా తగ్గాలని ఆవిడే అంది."

"తగ్గాను కాబట్టే పోతున్నా. పది కిలోలైనా పోయుంటాయి. నాకు ఆపరేషన్ తేదీ కావాలి, నా పెద్ద బల్ల నాకు కావాలి. ఆరు నూరైనా గురువారమే."

మర్నాడూ ఆ మర్నాడూ టైలరమ్మ చేతికి పని పట్టలేదు. డాక్టర్ల కోటుకి జేబు తిరగేసి కుట్టింది. పిల్లల వార్డు పరదాకి మడత కుట్టబోయి రెండు పరదాలని కలిపి కుట్టేసింది. విప్పుతూ కూర్చుంటే ఆలోచన మళ్ళీ అక్కడికే పోయింది. బుధవారం రాత్రిలోగా ఆ మూడు కోట్లూ దొరికితే పక్క కుట్లు మళ్ళీ బిగించెయ్యొచ్చు. బిగిస్తే గురువారం పొద్దున కోటు వేసుకోగానే ఆవిడకి ఊపిరాడదు. కాటా దాకా పోకముందే గుండె పగిలిపోతుంది. బిగించకపోతే కాటా పగలగొడుతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే గాబోలు. అయినా రెండు చోట్లా పడబోయేది తను కాదు, ఇంకో మనిషి.

చెప్పెయ్యాలని బుధవారం నడకలో రెండుసార్లు నోరు తెరిచింది. మొదటిసారి ఇస్త్రీ వదిన ఇస్త్రీ గదిలో అందరికీ చెప్పేశానని చెబుతోంది. సూపర్వైజర్ని పిలిచి, ఆపరేషన్ తేదీ వచ్చేస్తోంది, నా పెద్ద బల్ల తుడిచి ఉంచండి అందట. రెండోసారి ఆవిడ జేబులోంచి ఒక పండు తీసి సగానికి విరిచి, పెద్ద సగం టైలరమ్మ చేతిలో పెట్టింది. "ఇదివరకు ఈ టైముకి బిస్కెట్ల పొట్లం ఖాళీ చేసేదాన్ని. నీ పుణ్యమా అని ఇది అలవాటైంది" అంది. టైలరమ్మ పండు తింది.

గురువారం పొద్దున డాక్టరమ్మ గది బయట బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. ఇస్త్రీ వదిన కోటు తనే ఇస్త్రీ చేసుకుని కత్తి అంచులా మడత తీసి వేసుకొచ్చింది. లోపలికి పిలవగానే చెప్పులు విప్పి టైలరమ్మ చేతికిచ్చింది. చేతి గడియారం ఇచ్చింది. జేబులో తాళంచెవులు, చిల్లర, ముక్కు తుడుచుకునే గుడ్డ ఇచ్చింది. జడలో పిన్నులు కూడా తీసిచ్చింది.

"పిన్నులెంత బరువుంటాయమ్మా" అంది డాక్టరమ్మ నవ్వుతూ.

"నా బరువు కానిది నా లెక్కలో ఎందుకు" అంటూ కాటా ఎక్కి, ఊపిరి బిగబట్టి, గోడ వైపు చూస్తూ నిలబడింది.

డాక్టరమ్మ వంగి అంకె చూసింది. పాత చీటీ చూసింది. మొహం విప్పారింది. "బాగుందమ్మా. కిలోన్నర తగ్గారు."

"ఎంత?"

"కిలోన్నర. పైన ఇంకాస్త కూడా ఉంది. రక్తపోటు కూడా దిగింది. ఇదే నాకు కావలసింది. గబగబా తగ్గితే గబగబా వచ్చేస్తుంది, ఇలా తగ్గిందే నిలుస్తుంది. ఇలాగే ఇంకో నాలుగు కిలోలు తగ్గండి, తేదీ ఇచ్చేస్తాను."

ఇస్త్రీ వదిన కాటా దిగలేదు. కోటుని రెండు పక్కలా పట్టుకుని లాగి చూపించింది. "ఇది చూడండి డాక్టరమ్మా. ఇంత వదులైంది. ఇంత వదులైతే కిలోన్నరేంటి. మీ కాటా సరిగ్గా ఉందో లేదో చూడండి."

డాక్టరమ్మ విసుక్కోలేదు. పక్క గదిలోంచి ఇంకో కాటా తెప్పించింది. దాని మీదా అదే అంకె వచ్చింది. డాక్టరమ్మ కోటు వైపు చూసి, "ఉతికి ఉతికి బట్ట సాగిందేమో" అంది.

చేతుల నిండా ఇంకో మనిషి చెప్పులూ గడియారమూ పిన్నులూ పట్టుకుని నిలబడిన టైలరమ్మ నేల వైపు చూసింది. ఆసుపత్రి బట్ట ఉతికితే కురచవుతుంది గానీ సాగదు. ఆ సంగతి ఆ గదిలో తెలిసినవాళ్ళు ఇద్దరున్నారు.

బయట బెంచీ మీద కూర్చుని ఇస్త్రీ వదిన చెప్పులు వేసుకోలేదు. "కిలోన్నర" అంది. "చక్కెర లేని టీ తాగా. ఇంట్లో అందరూ లొట్టలేసుకుంటూ తింటుంటే నేను గోడకి తిరిగి కూర్చున్నా. ఎండలో నడిచా, వానలో నడిచా. కిలోన్నర. నా మనవడి బడిసంచీ ఇంతకంటే బరువుంటుంది వదినా."

"డాక్టరమ్మ బాగుందంది కదా."

"ఏదో ఒకటి అనాలిగా ఆవిడ. నవ్వే మొహం పెట్టుకుని చెప్పింది, జాలిపడి."

ఎవరూ జాలిపడలేదు. కిలోన్నర అన్నది నిజంగా గెలుపే. పక్క కుట్లు ఎక్కడివక్కడే ఉండి ఉంటే ఈపాటికి ఈవిడ వరండా అంతా వినబడేలా నవ్వుతూ ఉండేది. లిఫ్టు మనిషిని పిలిచి మరీ చెప్పి ఉండేది. ఒక మనిషి ఒళ్ళు వంచి, నోరు కట్టుకుని సంపాదించుకున్న కిలోన్నరని టైలరమ్మ తన గోటితో గీరి చెరిపేసింది. ఆ మాట ఆమెకి అక్కడే, ఆ బెంచీ మీదే తెలిసింది. తెలిసి కూడా నోరు మెదపలేదు. చెప్పులు తీసి ఆవిడ కాళ్ళ ముందు పెట్టింది, అంతే.

ఆ సాయంత్రం ఇస్త్రీ వదిన నడకకి రాలేదు. శుక్రవారం మధ్యాహ్నం టైలరమ్మ ఏదో పని పెట్టుకుని ఇస్త్రీ గదిలోకి తొంగిచూసింది. ఆవిరిలో నలుగురు పెద్ద బల్లల దగ్గర దుప్పట్లు దులుపుతున్నారు. ఇస్త్రీ వదిన మూల బల్ల దగ్గర గలీబుల గుట్ట వెనక కూర్చుని టీలో బిస్కెట్లు ముంచుకుని తింటోంది. ఒకటి నోట్లో ఉండగానే ఇంకోటి ముంచుతోంది.

"సాయంత్రం వస్తావా వదినా?"

"ఎందుకు?" తలెత్తలేదు. "నా ఒళ్ళు నా మాట వినేది కాదు. కోటు ఒకటి చెబుతుంది, కాటా ఒకటి చెబుతుంది. నేను దేన్ని నమ్మను? నువ్వు ఇంటికి పో. పాపం నాతోపాటు ఇన్నాళ్ళు ఊరికే తిరిగావు."

ఆ పాపం అన్న మాట టైలరమ్మ వెంట ఇంటి దాకా వచ్చింది. తాళం తీసింది. పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలోకి చూసింది. తలుచుకోవడానికి ఒక్క కబురు లేదు. ఆకలి కూడా లేదు. ఇప్పుడు ఊరుకుంటే ఆవిడ ఇంకో నెలలో ఎప్పటిలా అయిపోతుంది, ఆపరేషన్ ఉండదు, మూల బల్ల ఖాయం. నిజం చెబితే ఆవిడ మళ్ళీ నడవొచ్చు, కానీ ఆ నడకలో తనకి చోటు ఉండదు. రెంటిలో ఏదైనా తను ఒంటరే. అలాంటప్పుడు ఆవిడైనా బాగుపడాలి కదా అనుకుంది. అనుకున్నాక కూడా చాలాసేపు ఏడ్చింది, ఆవిడ కోసం కాదు, తన కోసమే.

శనివారం మధ్యాహ్నం భోజనాల వేళ ఇస్త్రీ గది ఖాళీ అయ్యేదాకా ఆగి లోపలికి వెళ్ళింది. ఇస్త్రీ వదిన బల్ల మీద తల వాల్చుకుని ఉంది.

"వదినా, ఆ కోటు సాగలేదు. నేను విప్పాను."

"ఏం విప్పావు?"

"పక్క కుట్లు. వారం వారం కొంచెం కొంచెం. నువ్వు వదులైందనుకుంటావని."

ఇస్త్రీ వదిన ఆమె వైపు చూసింది. లేచి, పరదా వెనక్కి వెళ్ళి, లోపలి గౌనుతో బయటికొచ్చి, కోటుని కిటికీ వెలుతురుకి పట్టుకుంది. గుడ్డల మీద ఏళ్ళ తరబడి వేడి పెట్టెలు నడిపిన చెయ్యి పక్క కుట్టు వెంట మెల్లిగా దిగింది. పూడుకుపోని బెజ్జాలు వెలుతురులో చుక్కలు చుక్కలుగా, వరస వెనక వరసగా కనిపించాయి.

"ఈ చుక్కలు నేను చూశాను" అంది. "పురుగు కొట్టిందనుకున్నా. నిన్ను అనుమానించడం కంటే పురుగుని అనుమానించడం తేలికైంది నాకు."

ఆవిడ కోటుని వెలుతురు నుంచి దించింది.

"ఎందుకు చేశావు?"

"నువ్వు మానేస్తానన్నావు."

"మానేస్తే నా పొట్ట పోతుంది, నా బల్ల పోతుంది. నీకేం పోతుంది?"

"నాతో ఎవరైనా మాట్లాడేది రోజు మొత్తం మీద ఆ కాసేపే వదినా. అది పోతే ఇంటికెళ్ళి గోడలతో మాట్లాడుకోవాలి. నాకు భయమేసింది. నీ ఒంటి గురించి ఆలోచించి చేసింది కాదు. నాకోసం చేసుకున్నా."

ఆవిరి పెట్టె ఎక్కడో బుసకొట్టి ఊరుకుంది. ఇస్త్రీ వదిన కోటుని మడవబోయి మడత కుదరక బల్ల మీద పడేసింది.

"నేను నడిచేది నా పొట్ట కోసం. నీతో కబుర్లు చెప్పేది చెప్పాలనిపించి. అవి రెండూ వేరే వేరే గుడ్డలు. నువ్వు రెంటినీ కలిపి కుట్టేశావు. ఇప్పుడు చూడు, ఒకటి చిరిగితే రెండోదీ చిరిగింది." కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "పద. మొదటి కుట్టు ఎక్కడుందో అక్కడే వెయ్యి. నా కళ్ళ ముందు వెయ్యి" అంది.

టైలర్ గదిలో ఇస్త్రీ వదిన దుప్పటి కప్పుకుని స్టూలు మీద కూర్చుంది. టైలరమ్మ వరసలన్నీ విప్పింది. మొట్టమొదటి వరస, తను ఈ కోటు కుట్టిన రోజు వేసింది, వెతికి సుద్దతో గీత గీసింది. మిషన్ తొక్కుతుంటే కుట్టు వంకరపోయింది. ఇస్త్రీ వదిన చూసి "అది విప్పి సరిగ్గా వెయ్యి" అంది. విప్పి సరిగ్గా వేసింది.

ఇస్త్రీ వదిన కోటు చేతుల్లోకి ఎక్కించుకుంది. గుండీలు పెట్టుకోబోయే ముందు కళ్ళు మూసుకుంది. పై గుండీ పట్టింది. రెండోది పట్టింది. పొట్ట దగ్గరి గుండీ, ఊపిరి తీస్తే లేచొచ్చేది, మెల్లిగా బెజ్జంలోకి దూరి అక్కడే ఉండిపోయింది. ఆవిడ ఊపిరి గట్టిగా పీల్చింది. గుండీ కదల్లేదు. నడుము దగ్గర గుడ్డకీ ఒంటికీ మధ్య బొటనవేలు పెట్టింది. వేలు పట్టింది. తీసి మళ్ళీ పెట్టింది.

"ఇది నాదేనా?"

"నీదే. ఇందులో నా చెయ్యి లేదు."

"కిలోన్నర" అంది ఇస్త్రీ వదిన, తనలో తనే. మొహం కాస్త తేలికపడింది. కానీ ఆ మొహం టైలరమ్మ వైపు తిప్పలేదు. తలుపు దగ్గర ఆగి, "మిగతా రెండూ కూడా సరిచేసి పంపు. ఇకమీదట నా కోటుకి గుండీ ఊడినా నేనే కుట్టుకుంటా" అని వెళ్ళిపోయింది.

సాయంత్రం టైలరమ్మ గేటు దగ్గరికి వెళ్ళింది. పిలవలేదని తెలుసు. ఇంటికి పోవడానికి కాళ్ళు రాలేదు. ఇస్త్రీ వదిన వరండా మెట్లు దిగి వచ్చింది, ఆమెని చూసింది, ఒక్క క్షణం ఆగింది. రోజూ ఎడమకి తిరిగే మనిషి కుడికి తిరిగి నడక మొదలుపెట్టింది.

"ఇదేం చోద్యం, సూది ఒక దారి దిండు ఒక దారి" అన్నాడు లిఫ్టు మనిషి ఇంటికి పోతూ.

టైలరమ్మ ఎడమకి బయల్దేరింది. చుట్టూ తిరిగే బాట గనక వంటగది వెనక ఇద్దరూ ఎదురుపడ్డారు. బాట సన్నం. టైలరమ్మ పక్కకి ఒదిగింది. ఇస్త్రీ వదిన గోడ వైపు చూస్తూ దాటిపోయింది. ఆవిడ పాదాల చప్పుడు వెనక వినబడకుండా పోయేదాకా టైలరమ్మ కదల్లేదు. తర్వాత నడిచింది. పక్కన మాట లేకపోతే ఆ బాట ఎంత పొడుగో ఇన్నాళ్ళూ తెలియలేదు. వంటగది గోడకి పగులుంది. జనరేటర్ గది దగ్గర ఎవరో కుండీలో మొక్క పెట్టి నీళ్ళు పొయ్యడం మర్చిపోయారు. ఇవేవీ ఇదివరకు చూడలేదు.

రెండోసారి గేటు దగ్గర ఎదురుపడ్డారు. ఇన్నాళ్ళూ పక్కనే నడవడంతో టైలరమ్మ ఆవిణ్ణి నడుస్తుండగా ఎదుటి నుంచి సరిగ్గా ఎప్పుడూ చూడలేదు. మొహం కందిపోయి ఉంది. చెమట కనుబొమల మీద నిలబడింది. ఒక చెయ్యి కడుపు మీద అదిమి పట్టుకుని, పళ్ళు బిగించి, ఎవరో తరుముతున్నట్టు కాదు, తనే ఎవరినో తరుముతున్నట్టు నడుస్తోంది. ఈ మనిషికి నా అబద్ధం అక్కర్లేకపోయింది అనుకుంది టైలరమ్మ. ఆ సంగతికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

మళ్ళీ వంటగది వెనక. ఈసారి ఇస్త్రీ వదిన ఆగింది. గోడకి చెయ్యి ఆనించి ఆయాసం తీర్చుకుంది.

"ఇలా ఎంతసేపు ఎదురొస్తావు?"

"నువ్వు నడిచినంతసేపు."

"ఇంటికి పోవచ్చుగా."

"ఇంటి దగ్గర ఏముంది?"

ఇస్త్రీ వదిన ఆమె వైపు చూసింది, మధ్యాహ్నం తర్వాత మొదటిసారి తిన్నగా. వంటగదిలో ఎవరో గిన్నెలు తోముతున్నారు.

"నేనైతే తిరగను. నా దారి ఇది" అంది చివరికి. "తిరిగితే నువ్వే తిరగాలి."

టైలరమ్మ తిరిగింది.

"మాట్లాడకు" అంది ఇస్త్రీ వదిన. "ఇంకా కోపం పోలేదు నాకు."

టైలరమ్మ తలూపింది. అప్పటికే ఇస్త్రీ వదిన ముందుకు సాగిపోయింది, ఆవిణ్ణి అందుకోవడానికి టైలరమ్మ నాలుగడుగులు పరుగెత్తాల్సి వచ్చింది.